నిరూపించండి చూద్దాం: మా రెయినీ నుంచి సిల్వెస్టర్ దాకా

సభకు నమస్కారం.

నా వెనుక తెర మీద మీకు కనిపిస్తున్న బొమ్మ 1928లో అమెరికాలో నల్లజాతి పాఠకుల పత్రికలో అచ్చయిన ఒక గ్రామఫోను రికార్డు ప్రకటన. రాత్రివేళ, వీధి మూల. భారీ విగ్రహం గల ఒక స్త్రీ మగవాళ్ల టోపీ పెట్టుకుని, కోటు తొడుక్కుని, మెడకు టై కట్టుకుని, నాజూకుగా ముస్తాబైన ఇద్దరు యువతులతో మాట కలుపుతూ నిలబడి ఉంది. వీధికి అవతల ఒక పోలీసు నిలబడి ఆమెనే గమనిస్తున్నాడు. ఆ పోలీసును కాస్త జాగ్రత్తగా చూడమని కోరుతున్నాను, ఎందుకంటే ఆ బొమ్మ గీయించినది పోలీసులు కాదు, రికార్డులు అమ్ముకునే కంపెనీ. ఆ గాయని మీద జనానికి ఉన్న అనుమానాన్ని కప్పిపుచ్చాలని కంపెనీ అనుకోలేదు. ఆ అనుమానాన్నే సరుకుగా చేసి అమ్మింది.

ఆ గాయని పేరు మా రెయినీ. పాట పేరును తెలుగులో చెప్పాలంటే ‘చేతనైతే నా మీద నిరూపించండి’ అనాలి. రాత్రి స్నేహబృందంతో బయటికి వెళ్లానని, వాళ్లంతా ఆడవాళ్లే అయి ఉంటారని, తనకు మగవాళ్లంటే గిట్టదని, లోకం ఏదేదో అంటోంది గానీ పట్టుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడని ఆ పాట సారాంశం. ఒప్పుకోలూ సవాలూ ఒకే గొంతులో పలుకుతాయి. 1925లో షికాగోలో ఆడవాళ్ల విందు ఒకటి మరీ గోలగా సాగుతున్నప్పుడు పోలీసులు వచ్చి ఆమెను పట్టుకుపోయారనీ, మర్నాడు తోటి గాయని బెస్సీ స్మిత్ వచ్చి జామీను కట్టి విడిపించుకుపోయిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ప్రకటనలోని పోలీసు ఆ కథలోంచే దిగి వచ్చాడని చాలామంది నమ్మకం.

ఎల్‌జీబీటీ కళాకారుల సంగీత చరిత్రను మెట్లదారిలా చెప్పడం అలవాటైపోయింది. మొదట అంతా చీకటి, 1969లో న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ అనే గే బార్ దగ్గర పోలీసుల మీద తిరుగుబాటు, ఆ తరువాత ఒక్కొక్క మెట్టే వెలుగులోకి ఎక్కడం అని ఆ వరస. నాకు ఆ వరస మీద నమ్మకం లేదు. 1928లో పాడి, అచ్చువేసి, తపాలాలో ఇంటికి తెప్పించుకోగలిగిన మాటను 1952లో పైకి అనడానికి వీలు లేకపోయింది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఎగుడుదిగుడు గురించే. అందుకోసం ప్రపంచమంతా తిరగను. అమెరికాలోని నల్లజాతి సంగీతం ఒక్కదాన్నే పట్టుకుంటాను.

రెయినీ అసలు పేరు గెర్ట్రూడ్ ప్రిడ్జెట్. జార్జియా రాష్ట్రంలోని కొలంబస్ ఊళ్లో పెరిగి, 1904లో విల్ రెయినీ అనే వినోద కళాకారుణ్ణి పెళ్లాడి, ఆయనతో కలిసి దక్షిణాది ఊళ్లన్నీ డేరా ప్రదర్శనలతో తిరిగింది. నోట్లో బంగారు పళ్లు, మెడలో బంగారు నాణేల హారం, చేతిలో పెద్ద ఈకల విసనకర్ర. ఆమె వేదిక మీదికి వచ్చే తీరు వింటే మన సురభి వారు కూడా ముచ్చటపడతారనిపిస్తుంది. వేదిక మధ్యలో మనిషిని మించిన ఎత్తున గ్రామఫోను పెట్టె ఒకటి నిలబెట్టి ఉండేది. ఒక అమ్మాయి వచ్చి దాని మీద రికార్డు పెట్టినట్టు నటించేది, లోపలి నుంచి పాట మొదలయ్యేది, జనం అది యంత్రమే అనుకుంటూ ఉండగా తలుపులు తెరుచుకుని నగలు తళతళలాడుతూ సాక్షాత్తూ రెయినీ బయటికి నడిచి వచ్చేది.

ఆ పెట్టె వెనుక కూడా ఒక కథ ఉంది. ఆమె పాటలు రికార్డు చేసిన పారమౌంట్ నిజానికి విస్కాన్సిన్ రాష్ట్రంలో కుర్చీలు చేసే కంపెనీకి పిల్ల సంస్థ. వాళ్లు మొదట కుర్చీలు చేశారు, తరువాత గ్రామఫోన్లకు చెక్క పెట్టెలు చేశారు, పెట్టెలు అమ్ముడుపోవాలంటే వాటిలో మోగేందుకు పాటలు కావాలి కనుక రికార్డుల వ్యాపారంలోకి దిగారు. 1920లో బ్లూస్ అనే నల్లజాతి పాటల బాణీలో మేమీ స్మిత్ పాడిన రికార్డు అనూహ్యంగా అమ్ముడుపోవడంతో, నల్లజాతి శ్రోతలు డబ్బు పెట్టి రికార్డులు కొంటారన్న సంగతి కంపెనీలన్నిటికీ ఒక్కసారిగా తెలిసివచ్చింది. 1923 నుంచి 1928 వరకు రెయినీ పారమౌంట్‌కు దాదాపు 100 పాటలు ఇచ్చింది. వాటి నాణ్యత గురించి మాత్రం ఎంత తక్కువ చెబితే అంత మంచిది. నేను మొదటిసారి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆమె పాట విన్నప్పుడు, కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు ఒకటే చిటపట. ఆ చప్పుడుకు అవతల ఎక్కడో దూరంగా ఒక బరువైన గొంతు. రెండోసారి వింటే గాని మాట అందలేదు, మూడోసారి వింటే గాని ఆ మాటలోని చమత్కారం అందలేదు. ఆ కాలపు రికార్డులు షెల్లాక్‌తో చేసేవారు, షెల్లాక్ అంటే మన లక్కే; ప్రపంచంలోని రికార్డు కంపెనీలు వాడిన లక్కలో అధికభాగం ఛోటానాగపూర్ ప్రాంతపు అడవుల్లో చెట్ల కొమ్మల నుంచి గీకి తీసి, కలకత్తా రేవులో ఓడలకెక్కించినదే.

ఒక కుర్చీల కంపెనీకి ఇంత తెగింపు ఎక్కడిది అని మీకు సందేహం రావచ్చు. నా సమాధానం మీకు కాస్త చేదుగా తోచవచ్చు. అది తెగింపు కాదు, లెక్కలేనితనం. నల్లవాళ్ల కోసం నల్లవాళ్లు పాడే పాటల్లో ఏముందో తెల్ల యజమానులు పట్టించుకోలేదు. సరుకు కదిలితే వాళ్లకు చాలు. ఆ నిర్లక్ష్యపు సందులోనే గాయనులు తాము చెప్పదలచుకున్నది చెప్పేశారు. పైగా బ్లూస్‌కు ద్వ్యర్థి కొత్త కాదు. వంటింటి మాటల్లో, కుట్టుమిషను మాటల్లో పడకగది సంగతులు చెప్పడం ఆ పాటలకు వెన్నతో పెట్టిన విద్య. జావళీలు విన్న చెవికి ఆ మర్మం విడమరచి చెప్పనక్కరలేదు. 1935 నాటికి లూసిల్ బోగన్ మరో పేరుతో, మగరాయుళ్లలా బతికే ఆడవాళ్ల మీదే ఏకంగా ఒక పాట రికార్డు చేసింది.

ఇక న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెం. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉంది. దొంగచాటు సారా దుకాణాలు సందుసందునా వెలిశాయి. ఎలాగూ చట్టం మీరి నడుస్తున్న చోట ఇంకొక కట్టుబాటు మీరినందుకు అడిగేవాడు ఉండడు. న్యూయార్క్ 133వ వీధిలోని అలాంటి ఒక చోట పియానో ముందు కూర్చున్న మనిషి గ్లాడిస్ బెంట్లీ. 1907లో ఫిలడెల్ఫియాలో పుట్టి, పదహారో ఏట ఇల్లు విడిచి హార్లెం చేరింది. తెల్లటి టక్సీడో సూటు, తలపై పొడవాటి టోపీ, వెనక్కి దువ్విన పొట్టి జుట్టు. ఆ రోజుల్లో అందరి నోళ్లలో నానుతున్న మర్యాదస్తుల పాటలకు అప్పటికప్పుడు బూతు చరణాలు కట్టి, మధ్యలో బాకా ఊదినట్టు గొంతుతోనే ధ్వనులు పలికిస్తూ, ముందు వరసలోని ఆడవాళ్లతో సరసాలాడుతూ రాత్రి పది నుంచి తెల్లవారేదాకా ఆగకుండా వాయించేది. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ తన ఆత్మకథలో ఆమెను తలచుకుంటూ, వేళ్లు పియానోను ఎలా బాదేవో పాదాలు నేలను అలాగే బాదేవని, ఆమెలో లయ ఒక క్షణం కూడా తెగేది కాదని రాశాడు.

వేషం కట్టడం మనకు కొత్త కాదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా నడిస్తే ఆడవాళ్లు ఆ నడక నేర్చుకోవాలనుకునేవారని మన పెద్దలు చెబుతారు. కానీ స్థానం వారిది పాత్ర; నాటకం ముగిశాక ఆ చీర పెట్టెలోకి వెళుతుంది. బెంట్లీ సూటు అలాంటిది కాదు. ఆమె ఆ బట్టలతోనే బజారుకు వెళ్లింది, ఆ బట్టలతోనే ఇంట్లో ఉంది, ఒక తెల్లజాతి స్త్రీని పెళ్లి చేసుకున్నానని పదిమందిలో చెప్పుకుంది. అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఓకే అనే రికార్డు కంపెనీకి ఆమె 1928-29లలో ఇచ్చిన ఎనిమిది పాటల్లో ఆ కొంటెతనం దాదాపు కనిపించదు. అవి సాధారణమైన ప్రేమ వ్యధలు. అంటే రెయినీ జీవితంలో అనుమానంగా మిగిలినది ఆమె రికార్డు మీద ఉంది, బెంట్లీ జీవితంలో బాహాటంగా ఉన్నది ఆమె రికార్డు మీద లేదు. చరిత్ర రాసేవాడు రికార్డులను మాత్రమే నమ్ముకుంటే ఎక్కడ బోల్తా పడతాడో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

ఆ గాలి ఎక్కువకాలం వీయలేదు. మాంద్యం వచ్చింది, నిషేధం పోయింది, మద్యం చట్టబద్ధమైంది. లైసెన్సుతో పాటు తనిఖీలూ వచ్చాయి. బెంట్లీ పడమటి తీరానికి, కాలిఫోర్నియాకు మారింది. న్యూయార్క్‌లో ఎవరినీ అడగకుండా తొడిగిన ప్యాంటును లాస్ ఏంజెలిస్ వేదిక మీద తొడగడానికి ఆమె ప్రత్యేక అనుమతి పత్రం తెచ్చుకోవలసి వచ్చింది. యుద్ధం తరువాత కమ్యూనిస్టుల వేటతో పాటే స్వలింగ ప్రేమికుల వేట కూడా మొదలైంది. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీచేసిన ఉత్తర్వుతో వేలమంది కేంద్ర ప్రభుత్వోద్యోగాల నుంచి బయటపడ్డారు. దానికి ఒక ఏడాది ముందు, 1952 ఆగస్టులో, నల్లజాతి కుటుంబాలు చదివే ఎబొనీ మాసపత్రికలో బెంట్లీ పేరుతో ఒక వ్యాసం వచ్చింది. తాను మళ్లీ స్త్రీనయ్యానన్నది దాని శీర్షిక. హార్మోన్ల చికిత్స తీసుకున్నానని, పెళ్లి చేసుకున్నానని, గతంలో నడిచింది తప్పుదారి అని అందులో ఉంది.

ఆ వ్యాసంతో పాటు వేసిన ఫొటోలను మీరు చూడాలి. గౌను వేసుకుని, పూలు పెట్టుకుని, ఇంటికి రాబోయే భర్త కోసం పక్క సర్దుతున్న బెంట్లీ. పొయ్యి దగ్గర నిలబడి వంట రుచి చూస్తున్న బెంట్లీ. ఆ ఫొటోల్లో ఆమె చేతులు నా కంటికి ఎప్పుడూ పియానో వాయించేవాడి చేతుల్లానే కనిపిస్తాయి. పైగా ఆమె పెళ్లాడానని చెప్పిన మనిషే ఆ పెళ్లి జరగలేదన్నాడు. కొందరు ఈ వ్యాసాన్ని లొంగుబాటు అంటారు. ముసలి తల్లిని చూసుకుంటూ, పని మీద ఆధారపడి బతుకుతున్న ఒక నల్లజాతి కళాకారిణి ఆ సంవత్సరంలో ఏం రాస్తే ఆమెకు మరో కార్యక్రమం దొరికేదో ఆలోచిస్తే, ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. ఆమె 1960లో, 52 ఏళ్ల వయసులో న్యుమోనియాతో కన్నుమూసింది. అప్పటికి ఒక చర్చిలో బోధకురాలు కావడానికి సిద్ధపడుతోంది.

బెంట్లీ తనను తాను సరిదిద్దుకున్నానని ప్రకటిస్తే, ఆల్బర్టా హంటర్ అసలు నోరే మెదపలేదు. బెస్సీ స్మిత్ 1923లో తొలి రికార్డుతో పేరు తెచ్చుకున్న పాట హంటర్ మరొకరితో కలిసి కట్టినదే. లోకం కోసం ఒకసారి పెళ్లాడి విడిపోయింది గానీ, ఆమె జీవితాన్ని పంచుకున్నది లాటీ టైలర్ అనే స్త్రీ. ఆ సంగతి ఆమె బతికి ఉండగా బహిరంగంగా ఎన్నడూ ఒప్పుకోలేదు. తల్లి పోయాక 1950లలో పాటలు మానేసి, వయసు పన్నెండేళ్లు తగ్గించి చెప్పి నర్సు శిక్షణలో చేరింది. న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు పనిచేస్తే, ఆమె పాత గాయని అన్న సంగతి తోటివాళ్లలో చాలామందికి తెలియదు. 1977లో, 70 నిండాయి కనుక ఇక పదవీ విరమణ చేయమన్నారు. నిజానికి అప్పటికి ఆమెకు 82. ఖాళీగా కూర్చోలేక మళ్లీ పాడడం మొదలుపెట్టి, గ్రీన్‌విచ్ విలేజ్‌లోని ఒక చిన్న హోటల్లో, చెవులకు పెద్ద లోలాకులు పెట్టుకుని, అరవై ఏళ్ల కిందటి కొంటె పాటలను అదే కొంటెతనంతో 1984లో మరణించేదాకా పాడింది.

నోరు నొక్కడం అంటే ఎప్పుడూ పోలీసులే రానక్కరలేదు. 1955 సెప్టెంబరులో న్యూ ఆర్లీన్స్‌లో జరిగినది చూడండి. లిటిల్ రిచర్డ్ అనే కుర్రాడు, అంతకుముందు ఆడవేషం కట్టి ఊరూరా తిరిగినవాడు, స్టూడియోలో పాడుతున్నాడు గాని ఒక్క పాటా రక్తి కట్టడం లేదు. భోజన విరామంలో అందరూ డ్యూ డ్రాప్ ఇన్ అనే క్లబ్బుకు వెళ్లారు. అక్కడ పియానో కనపడగానే అతను ఒళ్లు మరిచి, మగవాళ్ల మధ్య శృంగారం మీద క్లబ్బుల్లో తాను పాడే ఒక పచ్చి పాట ఎత్తుకున్నాడు. నిర్మాతకు తాను వెతుకుతున్నది దొరికింది, కానీ ఆ మాటలతో రేడియోలో వేయలేడు. డొరతీ లబోస్ట్రీ అనే యువ రచయిత్రిని పిలిపించి మాటలు కడిగించారు. ఆడపిల్ల ఎదుట ఆ అసలు మాటలు పాడడానికి సిగ్గుపడి, రిచర్డ్ గోడవైపు తిరిగి పాడి వినిపించాడని చెబుతారు. మిగిలిన కొద్ది నిమిషాల్లో రికార్డు చేసిన ఆ పాటే ‘టుట్టీ ఫ్రుట్టీ’. మాటలు మారాయి గానీ ఆ అరుపు మారలేదు, పియానో మీద ఆ బాదుడు మారలేదు. తెల్లజాతి పిల్లలు లక్షలమంది ఆ పాటకు చిందులు వేశారు. తాము దేనికి చిందులు వేస్తున్నామో వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

ఇప్పుడు నేను మొదటినుంచీ రావాలనుకుంటున్న మనిషి దగ్గరికి వస్తాను. సిల్వెస్టర్ జేమ్స్ 1947లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టాడు. చిన్ననాడు పెంతెకోస్తు చర్చిలో పాడి అందరినీ ఏడిపించేవాడు. ఆ చర్చివాళ్లకు అతని తీరు గిట్టక పదమూడో ఏటికే దూరమయ్యాడు. గాస్పెల్ అనే నల్లజాతి చర్చి సంగీతానికి పితామహుడని పేరున్న థామస్ డోర్సీ 1920లలో మా రెయినీ బృందానికి నాయకుడు, పియానో వాద్యకారుడు. అంటే సిల్వెస్టర్ చర్చిలో నేర్చుకున్న ఆ సంగీతానికి సగం పుట్టిల్లు రెయినీ డేరాయే. 1970లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి కాకెట్స్ అనే విచిత్ర నాటక బృందంలో కలిసినప్పుడు సిల్వెస్టర్ పాడినవి బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడే పాటలు. యాభై ఏళ్ల కిందటి గాయనుల గొంతును ఆయన తన గొంతుగా ఎన్నుకున్నాడు.

1978లో వచ్చిన ఆయన పాట, ‘యూ మేక్ మీ ఫీల్ మైటీ రియల్’, మొదట పియానో మీద మధ్యలయలో, చర్చి పాట పోకడలో పుట్టింది. పాట్రిక్ కౌలీ అనే యువకుడు దానికి సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం తగిలించాక అది పరుగందుకుంది. నువ్వు నన్ను నిజమైనవాణ్ణి చేస్తున్నావు అన్న ఒక్క మాటనే, సాక్ష్యం చెప్పే భక్తుడిలా, ఆపకుండా, ఆడగొంతును తలపించే కీచు స్వరంలో పాడతాడు. చర్చి నుంచి వెళ్లగొట్టినవాడు చర్చి బాణీనే వెంట తీసుకుపోయి డ్యాన్స్ హాల్లో పెట్టాడన్నమాట. 1979 మార్చి 11న శాన్‌ఫ్రాన్సిస్కో ఒపెరా హౌస్‌లో, పెద్దమనుషులు బిగుసుకుని కూర్చునే ఎర్ర ముఖమల్ కుర్చీల మధ్య, ఆయన కచేరీ చేస్తే గౌరవ సూచకంగా ఆయనకు నగరపు తాళంచెవి ఇచ్చారు. ఆ కచేరీ పాటలతో వచ్చిన ఆల్బం పేరు ‘లివింగ్ ప్రూఫ్’, అంటే సజీవ సాక్ష్యం. నిరూపించండి చూద్దామని 1928లో రెయినీ విసిరిన సవాలుకు ఇది కావాలని ఇచ్చిన జవాబని నేను అనను. కానీ ఆ రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేను.

నాలుగు నెలల తరువాత, జూలై 12న, షికాగోలోని ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను, అంటే సిల్వెస్టర్ పాడినలాంటి డ్యాన్స్ పాటల రికార్డులను, పేల్చేసే కార్యక్రమం పెట్టారు. ఒక రికార్డు తెచ్చిచ్చినవారికి టికెట్ 98 సెంట్లు. యాభై వేల మంది దాకా వచ్చారు, డబ్బా నిండా రికార్డులు పేలాయి, జనం మైదానంలోకి దూకారు, ఆ రాత్రి జరగవలసిన రెండో ఆట రద్దయింది. అది సంగీతాభిరుచికి సంబంధించిన సరదాయేనని ఆ కార్యక్రమం నడిపిన రేడియో వ్యాఖ్యాత తరువాత కూడా అన్నాడు. ఆ రోజు అక్కడ గేటు దగ్గర పనిచేసిన నల్లజాతి కుర్రాడు విన్స్ లారెన్స్ మాత్రం, జనం తెచ్చిన రికార్డుల్లో డిస్కోతో సంబంధం లేని నల్లజాతి గాయకుల రికార్డులెన్నో ఉన్నాయని చెప్పాడు. నేను గేటు దగ్గర నిలబడ్డవాడి మాటే నమ్ముతాను. అదే షికాగోలో, ఆ మైదానానికి కొద్ది మైళ్ల దూరంలో, వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకిల్స్ అనే గే డీజే అవే డిస్కో రికార్డులను కోసి, అతికి, సాగదీసి వాయిస్తూనే ఉన్నాడు. ఆ క్లబ్బు పేరులోని చివరి ముక్కే ‘హౌస్’ సంగీతానికి పేరయింది.

కౌలీ 1982లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. 1986 చివర ఒక టెలివిజన్ కార్యక్రమంలో వ్యాఖ్యాత్రి తనను ఆడవేషగాడిగా పరిచయం చేయబోతే, తాను వేషగాణ్ణి కానని, తాను సిల్వెస్టర్‌నని ఆయన నవ్వుతూనే సరిదిద్దాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆయనకూ అదే జబ్బు ముదిరింది. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రైడ్ ఊరేగింపులో, ఎయిడ్స్ రోగుల బృందంతో కలిసి, చక్రాల కుర్చీలో కూర్చుని, పెద్ద నల్ల టోపీ పెట్టుకుని వచ్చాడు. అదే ఏడాది డిసెంబరు 16న కన్నుమూశాడు. తన పాటల మీద వచ్చే రాయల్టీని రెండు సంస్థలకు రాసి వెళ్లాడు. ఒకటి ఎయిడ్స్ రోగులకు అద్దె, మందుల ఖర్చులకు అత్యవసర సాయం చేసేది. రెండోది 1985లో ఒక మహిళ తన వంటింట్లో మొదలుపెట్టినది. మంచం మీద నుంచి లేవలేని రోగుల ఇళ్లకు వేడివేడి భోజనం తీసుకువెళ్లి ఇచ్చేది.